‘వద్దు’ అని ఎవరూ చెప్పలేదు: కాలేజీ ఫుట్‌బాల్ జట్టు కోసం మా ఇరవై నెలలు

2024 ఆగస్టు 31 రాత్రి మా ఇంట్లో ఎవరమూ పడుకోలేదు. పదకొండో తరగతి చదివే ఆటగాళ్లకు కాలేజీల అమెరికన్ ఫుట్‌బాల్ కోచ్‌లు నేరుగా సందేశాలు పంపడానికి సెప్టెంబరు 1 నుంచి అనుమతి ఉండేది కాబట్టి, పన్నెండు దాటగానే ఫోన్లు మోగుతాయని మా అబ్బాయి స్కూలు జట్టులో పిల్లలంతా చెప్పుకుంటున్నారు. వాడు భోజనాల బల్ల మీద ఫోన్ పెట్టుకుని కూర్చున్నాడు. పన్నెండూ నాలుగు నిమిషాలకు ఒక సందేశం, తెల్లవారుజామున ఇంకొకటి వచ్చాయి. రెండింటిలోనూ వాడి పేరు ఉంది, వాడి ఆట తమకు నచ్చిందన్న మాట ఉంది, అడుగున ఒక లింకు ఉంది. ఆ లింకు నొక్కితే డబ్బు కట్టి చేరవలసిన క్యాంపు దరఖాస్తు తెరుచుకుంది. వాడి ముఖంలోని సంతోషం చూసి ఆ రాత్రి నేనేమీ అనలేకపోయాను. అటువంటి సందేశం ఒకేసారి ఎంతోమంది పిల్లలకు వెళుతుందని మాకు అర్థం కావడానికి మరో రెండు నెలలు పట్టింది.

మేము జార్జియా రాష్ట్రంలో, అట్లాంటాకు ఉత్తరాన ఉన్న కమ్మింగ్‌లో ఉంటాం. ఈ ఫోర్సైత్ కౌంటీలో తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి, మా పిల్లల్లో కొందరు ఇప్పుడు సాకర్ నుంచి ఫుట్‌బాల్ వైపు, ముఖ్యంగా బంతిని తన్నడమే పనిగా ఉండే కిక్కర్ స్థానం వైపు వెళుతున్నారు. గత మూడు నెలల్లో నలుగురు తల్లులు నాకు ఫోన్ చేసి ఇదంతా ఎలా జరిగిందని అడిగారు. ప్రతి ఒక్కరికీ ముక్కలు ముక్కలుగా చెప్పే బదులు, జరిగింది జరిగిన వరుసలో ఒకచోట రాసిపెడుతున్నాను.

మా అబ్బాయి పదో తరగతి వరకు సాకరే ఆడాడు. స్కూలు ఫుట్‌బాల్ కోచ్ ఒకరోజు వాడు బంతిని తన్నడం చూసి పిలిచారు. 2024 శరదృతువు ఆటల్లో వాడు పద్నాలుగు ఫీల్డ్ గోల్స్‌కు, అంటే బంతిని గోల్‌పోస్టుల మధ్య నుంచి తన్నడానికి, ప్రయత్నించి పదకొండు సాధించాడు, అన్నిటికన్నా దూరమైనది 46 యార్డులు. ఆ అంకెలు చూసి మేము పొంగిపోయాం. అయితే స్కూలు ఆటలో కొట్టిన 46 యార్డులు, కాలేజీ ఆటలో కొట్టే 46 యార్డులు ఒకటి కావని వాడికి కిక్కింగ్ నేర్పే గురువుగారు నవంబరులో మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పారు. స్కూలు గోల్‌పోస్టుల మధ్య వెడల్పు 23 అడుగుల 4 అంగుళాలైతే కాలేజీలో అది 18 అడుగుల 6 అంగుళాలే. స్కూల్లో బంతిని రెండంగుళాల ఎత్తున్న రబ్బరు దిమ్మ మీద నిలబెట్టి తన్నవచ్చు, కాలేజీలో పచ్చిక మీదే పెట్టి తన్నాలి. ఆట మొదలుపెట్టే కిక్కాఫ్ స్కూల్లో 40 యార్డుల గీత నుంచి, కాలేజీలో 35 నుంచి. ఇవేవీ తెలియకుండానే మేము అప్పటికి ఇరవై కాలేజీలకు వాడి వీడియోలు పంపేశాం. అన్నింటిలోనూ ఆ దిమ్మ స్పష్టంగా కనిపిస్తోంది.

ఆ చలికాలమంతా దిమ్మను వదిలించుకోవడంతోనే గడిచింది. డిసెంబరులో రెండంగుళాల దిమ్మ నుంచి అంగుళం దిమ్మకు, ఫిబ్రవరిలో అంగుళం దిమ్మ నుంచి నేలకు దిగాడు. నేలకు దిగిన మొదటి వారం బంతి పైకి లేవనే లేదు. బూటు ముందు మట్టిని తాకేది, బంతి మోకాలి ఎత్తున దూసుకుపోయి కంచెకు తగిలేది. మావారు ఉద్యోగరీత్యా వారంలో నాలుగు రోజులు వేరే ఊళ్లో ఉంటారు కాబట్టి మైదానానికి నేనే వెళ్లేదాన్ని. గోల్‌పోస్టుల వెనక పైన్ చెట్లు ఉంటాయి, వాటి ఎండు సూదుల మధ్య బంతులు ఏరుకొచ్చి సంచిలో వేసేదాన్ని. పోస్టుల మధ్య కాలేజీ కొలత తెలియడానికి రెండు ప్లాస్టిక్ గొట్టాలకు నారింజ రంగు రిబ్బన్లు కట్టి నిలబెట్టాం. కొన్ని రోజులకు బంతి వైపు చూడకుండానే, చప్పుడును బట్టి అది సరిగ్గా తగిలిందో లేదో నాకు తెలిసిపోయేది. సరిగ్గా తగిలితే తలుపు గట్టిగా మూసుకున్నట్టు ఒకే చప్పుడు, తప్పితే చెంపదెబ్బ లాంటి శబ్దం వచ్చేది. మార్చి రెండో వారంలో ఒక శనివారం వరుసగా తొమ్మిదిసార్లు ఆ తలుపు చప్పుడు విన్నాను. ఆరోజు ఇంటికి వచ్చాక దిమ్మను గరాజులో పై అరలో పెట్టేశాడు.

ఈ మధ్యలో 2025 జనవరిలో లాస్ వేగాస్‌లో జరిగిన ఒక పెద్ద కిక్కింగ్ క్యాంపుకు వెళ్లాం. దేశం నలుమూలల నుంచి పిల్లలు వస్తారు, రెండు రోజులు కొలతలు తీసుకుంటారు, తరువాత నక్షత్రాలు, ర్యాంకులు ఇస్తారు. క్యాంపు రుసుము, ఇద్దరికి విమానం, హోటలు, తిండి కలిపి 1,870 డాలర్లు అయింది. వాడికి నాలుగున్నర నక్షత్రాలు వచ్చాయి. అది గొప్ప విషయమే అనుకున్నాను, కానీ జాబితా మొత్తం చూస్తే అన్ని నక్షత్రాలు వచ్చినవాళ్లు చాలామందే ఉన్నారు. అయినా ఆ ఖర్చు వృథా అని నేను అనను. తనకన్నా బాగా తన్నేవాళ్లను అంతమందిని ఒకేచోట చూడడం వాడికి ఆ రోజే మొదలు. తిరుగు ప్రయాణంలో విమానంలో కిటికీ వైపు తిరిగి, ‘అమ్మా, నేను ఇంకా చాలా నేర్చుకోవాలి’ అన్నాడు.

చదువుకు సంబంధించి ఒక విషయం ముందే తెలిస్తే బాగుండేదనిపిస్తుంది. కాలేజీ ఆటల్లో పై స్థాయి అయిన డివిజన్ 1లో గాని దాని తరువాతి డివిజన్ 2లో గాని ఆడాలంటే, ఆ ఆటలను నడిపే ఎన్‌సీఏఏ సంస్థ అర్హతా కేంద్రంలో పేరు నమోదు చేసుకోవాలి, వాళ్లు గుర్తించిన 16 కోర్సులు పూర్తి చేసి ఉండాలి. డివిజన్ 1 కోసమైతే వాటిలో పది, పన్నెండో తరగతి మొదలయ్యేలోపే అయిపోవాలి. మా అబ్బాయికి మార్కుల సమస్య ఎప్పుడూ లేదు కాబట్టి మేము దాన్ని పట్టించుకోలేదు. ఏప్రిల్‌లో లెక్క చూసుకుంటే, వేసవిలో ఆన్‌లైన్‌లో చేసిన ఒక సామాజిక శాస్త్రం కోర్సు ఆ గుర్తింపు జాబితాలో లేదు. మంచి మార్కులు వచ్చిన కోర్సు లెక్కలోకి రాదంటే నమ్మలేకపోయాను. స్కూల్లోని కౌన్సిలరుతో మూడుసార్లు మాట్లాడి, పన్నెండో తరగతిలో మరో కోర్సు చేర్చుకుని సరిచేశాం. కోర్సు తీసుకునే ముందే ఆ జాబితాలో తమ స్కూలు పేరు కింద అది ఉందో లేదో తల్లిదండ్రులు స్వయంగా చూసుకోవాలి.

ఇక ఉత్తరాల సంగతి. 2024 అక్టోబరు నుంచి 2025 మే వరకు వాడు 61 కాలేజీల కోచ్‌లకు ఈమెయిళ్లు రాశాడు. ఒక్కోదానిలో వీడియో, మార్కులు, ఎత్తు, బరువు, స్కూలు కోచ్ ఫోన్ నంబరు పెట్టాడు. జవాబులు తొమ్మిది వచ్చాయి. ఆ తొమ్మిదిలో ఆరు మళ్లీ క్యాంపు లింకులే. మిగతా 52 చోట్ల నుంచి ఏమీ రాలేదు. ఈ వ్యవహారంలో నన్ను అన్నిటికన్నా ఎక్కువ బాధపెట్టింది ఇదే. ఉద్యోగానికి దరఖాస్తు పెడితే కనీసం ‘మిమ్మల్ని ఎంపిక చేయలేదు’ అని ఒక వాక్యం వస్తుంది. ఇక్కడ ‘వద్దు’ అనే మాట ఎవరి నోటా రాదు. గాయపడే ఆటగాళ్లు, వెళ్లిపోయే ఆటగాళ్లు ఎంతమంది ఉంటారో కోచ్‌లకు ముందుగా తెలియదు కాబట్టి ఏ పిల్లవాడినీ పూర్తిగా వదులుకోరు, అలాగని పట్టుకోరు. పదహారేళ్ల పిల్లవాడు రోజూ రాత్రి ఫోన్ చూసుకుని, ‘అమ్మా, వీళ్లు వద్దన్నట్టా, ఇంకా చూడలేదన్నట్టా?’ అని అడిగితే తల్లి దగ్గర జవాబు ఉండదు.

2025 జూన్‌లో పదహారు రోజుల్లో ఐదు కాలేజీల క్యాంపులకు వెళ్లాం. ఒక్కోదానికి 60 నుంచి 125 డాలర్ల వరకు కట్టాం. పెట్రోలు, రెండు రాత్రుల హోటలు కలుపుకుంటే ఆ నెల 1,300 డాలర్లు దాటింది. క్యాంపులో కిక్కర్లకు సాధారణంగా ఉదయం ఎనిమిదికి పేరు రాయించుకోవడం, ఎండ ముదిరాక అసలు పరీక్ష. ముప్పై, నలభై మంది పిల్లలు వరుసలో నిలబడతారు, ఒక్కొక్కరికి వచ్చేది పన్నెండో పదిహేనో కిక్కులు. రెండు వందల మైళ్లు వెళ్లి నిజంగా ఆడేది పది నిమిషాలు. మాకు కలిగిన చిన్న ఆశ్చర్యం ఏమిటంటే, కోచ్‌లు గురి కన్నా ముందు బంతి గాలిలో ఎంతసేపు ఉందో చూస్తారు. మెడలో వేలాడే స్టాప్‌వాచ్ నొక్కి, తల ఎత్తకుండానే కాగితం మీద అంకె వేసుకుంటారు. మా అబ్బాయి కిక్కాఫ్‌లు 3.8, 3.9 సెకన్ల దగ్గర ఆగుతున్నాయి. నాలుగు దాటాలని వాళ్లు చూస్తున్నారు.

రెండో క్యాంపుకు, మూడో క్యాంపుకు మధ్యలోనే పరిస్థితి మారిపోయింది. కాలేజీలు ఆటగాళ్లకు తమ ఆదాయంలో నేరుగా వాటా ఇవ్వడానికి దారి తీసిన హౌస్ కేసు ఒప్పందానికి న్యాయమూర్తి క్లాడియా విల్కెన్ జూన్ 6న ఆమోదం ఇచ్చారు. వార్తల్లో అందరూ ఒక్కో కాలేజీ ఏడాదికి 2.05 కోట్ల డాలర్ల వరకు ఇవ్వగల వాటా గురించి మాట్లాడుకున్నారు. మాకు తగిలింది దానితోపాటు వచ్చిన మరో నియమం. అంతకుముందు పెద్ద కాలేజీల జట్లలో స్కాలర్‌షిప్పులకు 85 పరిమితి ఉండేది కాని, స్కాలర్‌షిప్ లేకుండా చేరే వాకాన్ పిల్లలతో కలిపి జట్టు 120 దాటినా ఇబ్బంది ఉండేది కాదు. ఒప్పందంలో చేరిన కాలేజీల్లో ఇప్పుడు స్కాలర్‌షిప్ పరిమితి పోయి, మొత్తం జట్టుకే 105 మంది అనే హద్దు వచ్చింది. రెండో కిక్కరు, మూడో కిక్కరు సాధారణంగా ఆ 105 తరువాతి వరుసలో ఉండే పిల్లలు. మూడో క్యాంపులో కిక్కర్లను చూసుకునే స్పెషల్ టీమ్స్ కోచ్ ఒకరు తల్లిదండ్రులను పక్కకు పిలిచి, ‘పోయిన ఏడు నేను నలుగురు కిక్కర్లను ఉంచుకున్నాను, ఈ ఏడు ఇద్దరికే చోటు’ అని ఉన్నదున్నట్టు చెప్పారు. ఇరవై నెలల్లో నాతో అంత సూటిగా మాట్లాడిన మనిషి ఆయనొక్కరే. ఆయన జట్టులో మా వాడికి చోటు దొరకలేదు, అయినా ఆయనంటే నాకు గౌరవం.

జూన్ చివర మొదలై జులైలో చాలా రోజులు కోచ్‌లు పిల్లలను ముఖాముఖి కలవకూడని కాలం. ఆగస్టు నుంచి వాడి ఆఖరి స్కూలు సీజన్ మొదలైంది. అక్టోబరు 14, మంగళవారం సాయంత్రం ఏడున్నరకు, నేను పప్పు తాలింపు వేస్తుండగా ఫోన్ వచ్చింది. రాష్ట్రంలోనే ఉన్న ఒక పెద్ద ప్రభుత్వ విశ్వవిద్యాలయం కోచ్. ‘ప్రిఫర్డ్ వాకాన్’గా చోటు ఇస్తామన్నారు, అంటే స్కాలర్‌షిప్ ఉండదు కాని జట్టులో స్థానం ఖాయమని అర్థం. ఆయన వేసిన మొదటి ప్రశ్న ఆట గురించి కాదు, ‘మీ వాడికి జెల్ మిల్లర్ వస్తుందా?’ అని. జార్జియాలో స్కూలు గ్రేడ్ల సగటు కనీసం 3.7, కాలేజీ ప్రవేశ పరీక్ష శాట్‌లో ఒకే విడతలో కనీసం 1200 మార్కులు ఉన్న పిల్లలకు ప్రభుత్వ కాలేజీల్లో ట్యూషన్ ఫీజు మొత్తం ఆ స్కాలర్‌షిప్ కింద రాష్ట్రమే భరిస్తుంది. వాడికి 1290 వచ్చింది, ఇక్కడే పుట్టాడు కాబట్టి పౌరసత్వం ఇబ్బందీ లేదు. పౌరసత్వం లేక హెచ్4 వీసా మీద ఉన్న మా స్నేహితుల పిల్లలకు ఎన్ని మార్కులున్నా ఇది రాదు, వాళ్లు ఆ ఖర్చు వేరుగా లెక్క వేసుకోవలసిందే. జట్టు డబ్బు ఖర్చు కాకుండా చదువుకోగలిగే పిల్లవాడు కోచ్‌కు సులభమని నాకు అప్పుడు తెలిసింది.

ఆ రాత్రి ఖమ్మంలో ఉన్న మా అత్తగారికి వీడియో కాల్ చేశాం. అక్కడ అప్పుడే తెల్లవారింది. ‘సీటొచ్చిందా నాయనా?’ అని ఆమె అడిగితే ‘వచ్చింది నాయనమ్మా’ అని వాడు చెప్పాడు. మరుసటి వారమే మేము చేసిన పొరపాటు ఇక్కడ దాచకుండా రాయాలి. అప్పటికి రెండు నెలలుగా క్రమం తప్పకుండా వాడికి ఫోన్ చేస్తున్న ఒక డివిజన్ 2 కాలేజీ కోచ్‌కు, మేము వేరేచోట మాట ఇచ్చామని, తమ ఆదరణకు కృతజ్ఞతలని ఉత్తరం రాశాం. ఆయన మర్యాదగా జవాబిచ్చి, ‘ఏదైనా మారితే నాకు చెప్పండి’ అన్నారు. మారడానికి ఏముందని అనుకున్నాం. చేతిలో ఒక్క కాగితం ముక్క కూడా లేదన్న సంగతి మాకు తట్టలేదు.

నవంబరు చివరి ఆట ముగిసిన మరుసటి రోజు ఆ విశ్వవిద్యాలయం హెడ్ కోచ్‌ను తీసేశారు. డిసెంబరు 3, బుధవారం, స్కాలర్‌షిప్ వచ్చిన పిల్లలు సంతకాలు చేసే రోజు. స్కూలు జిమ్‌లో బల్ల వేసి, టోపీలు పెట్టి, ఫొటోలు తీశారు. వాకాన్ పిల్లలకు సంతకం చేయడానికి ఏమీ ఉండదు, మా వాడు మిత్రుల వెనక నిలబడి చప్పట్లు కొట్టాడు. ఆ సాయంత్రం మాకు ఫోన్ చేసిన కోచ్‌కు సందేశం పంపితే, తన ఉద్యోగం ఉంటుందో లేదో తనకే తెలియదన్నారు. అది నిజమే కావచ్చు. క్రిస్మస్ ముందు కొత్త కోచ్‌లు వచ్చారు. వాళ్లలో ఒకరు, ‘నీ పేరు మా దగ్గర ఉంది, జనవరి తరువాత మాట్లాడుకుందాం’ అని రాశారు.

జనవరి 2 నుంచి 16 వరకు ట్రాన్స్‌ఫర్ పోర్టల్ తెరిచి ఉంది. ఆ రెండు వారాల్లో ఒక కాలేజీ ఆటగాడు మరో కాలేజీకి మారడానికి పేరు ఇచ్చుకోవచ్చు. మా వాడు రోజూ పొద్దున లేవగానే ఆ జట్టులో ఎవరు చేరారో చూసుకునేవాడు. జనవరి 9న ఇంకా రెండేళ్లు ఆడగలిగే అర్హత ఉన్న కిక్కరు ఒకరు, 13న మరొకరు చేరినట్టు ప్రకటన వచ్చింది. మాతో ఎవరూ ఏమీ అనలేదు. మేము పంపిన మూడు సందేశాలూ చదివినట్టు కనిపిస్తోంది, జవాబు లేదు. 20వ తేదీ రాత్రి వాడు నా గదిలోకి వచ్చి మంచం అంచున కూర్చుని, ‘ఇంక అడగొద్దమ్మా’ అన్నాడు. ఆ తరువాత వారం రోజులు మైదానానికి వెళ్లలేదు. బూట్లు తలుపు పక్కనే ఉండిపోయాయి. వాటిని తీసి లోపల పెట్టడానికి నాకు చేతులు రాలేదు.

డివిజన్ 2 కోచ్‌కు ఫోన్ చేయడమన్న ఆలోచన వాడిదే. కాదని రాసినవాళ్లనే మళ్లీ అడగడానికి నాకు ముఖం చెల్లలేదు. వాడు మాత్రం ఏం మాట్లాడాలో ముందే కాగితం మీద రాసుకుని, 27వ తేదీ మధ్యాహ్నం తలుపు వేసుకుని మాట్లాడాడు. పదకొండు నిమిషాలు. ఆయన అన్న మొదటి మాట, ‘నీ ఫోన్ కోసమే చూస్తున్నాను’ అని వాడు బయటికి వచ్చి చెప్పాడు. పోర్టల్ ముగిసిన వారం తరువాత తనకు ఇలాంటి ఫోన్లు చాలా వస్తాయట. ఆ వారాంతమే కాలేజీ ఖర్చు మీద అధికారికంగా చూసి రమ్మన్నారు. మాకు గది, భోజనం వాళ్లే ఏర్పాటు చేశారు. మాంసం తినని తల్లికి ఏం పెట్టాలో కనుక్కుని వంటవాళ్లు విడిగా అన్నం, బీన్స్ కూర చేశారు. నేను ఆయనతో కూర్చుని, ముందు చోట అడగకుండా వదిలేసిన ప్రశ్నలన్నీ అడిగాను. జట్టులో ఇప్పుడు కిక్కర్లు ఎంతమంది, ఎవరికి ఎన్నేళ్లు మిగిలి ఉన్నాయి, మీ ఒప్పందం ఎప్పటివరకు ఉంది, ఇవ్వబోయే సొమ్ము ఏడాదికా నాలుగేళ్లకా? ఆయన జట్టు జాబితా తెరిచి ఒక్కొక్క పేరు చూపించారు.

ఫిబ్రవరి 4న, రెండో విడత సంతకాల రోజున, మా వాడు ఆర్థిక సహాయ ఒప్పందం మీద సంతకం చేశాడు. డివిజన్ 2 ఫుట్‌బాల్‌కు మొత్తం 36 స్కాలర్‌షిప్పులే ఉంటాయి, వాటిని జట్టంతటికీ ముక్కలు చేసి పంచుతారు. మా వాడి ముక్క ఏడాదికి 3,500 డాలర్లు, ఏటా మళ్లీ రాయాలి. ట్యూషన్ జెల్ మిల్లర్ కింద పోతుంది, అయితే కాలేజీలో సగటు 3.3 కింద పడితే అది ఆగిపోతుంది. హాస్టలు, భోజనం, ఇతర రుసుములు మేము పెట్టుకోవాలి. రెండేళ్లలో గురువుగారి ఫీజు, క్యాంపులు, ప్రయాణాలు, బూట్లు, బంతులు అన్నీ కలిపి మాకు అయిన ఖర్చు 11,400 డాలర్లు. మూడేళ్ల సొమ్ము చేతికొచ్చినా దానికి సరిపోదు. డబ్బు కోసం ఈ దారిన వచ్చే తల్లిదండ్రులకు నేను ఈ అంకెలే చూపిస్తాను. మా వాడు మాత్రం ఆడాలనుకున్నాడు, అందుకే పెట్టాం, దానికి నాకు విచారం లేదు.

ఏప్రిల్‌లో వాళ్ల వసంతకాలపు ప్రాక్టీసు చూడడానికి ఒకసారి వెళ్లాం. ప్రధాన కిక్కరు ఇప్పుడు ఆఖరి సంవత్సరంలో ఉన్నాడు, నిలకడగా తన్నుతాడు, నలభై దాటితే తడబడతాడు. రెండోవాడికి కాలు బలంగా ఉంది, గురి ఇంకా కుదరలేదు. కిక్కాఫ్‌లకు ఈ శరదృతువులోనే మా వాడికి అవకాశం రావచ్చని కోచ్ అన్నారు, ఫీల్డ్ గోల్స్‌కు మరుసటి ఏడాది వరకు ఆగాలన్నారు. ఈలోగా పోర్టల్ నుంచి ఎవరైనా వస్తారా అని అడిగితే, రావచ్చు అన్నారు. మా వాడు తల ఊపాడు. ఇంటికి వస్తూ కారులో ఆ ఇద్దరి కిక్కాఫ్‌లూ తాను ఫోన్‌లో కొలిచిన సెకన్లను చదివి వినిపించాడు. తన అంకె ఇప్పుడు 4.05.

జులైలో చేరాలి. చేరే ముందు పంపవలసిన వైద్య పత్రాల్లో ఒకటి నన్ను ఆశ్చర్యపరిచింది. సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్త లక్షణం ఉందో లేదో తెలిపే రుజువు కావాలి. పరీక్ష మళ్లీ చేయించాలేమోనని డాక్టరుగారికి ఫోన్ చేస్తే, పుట్టినప్పుడు మడమ నుంచి రక్తం తీసి చేసిన పరీక్షల్లోనే అది ఉంటుంది, పాత రికార్డు తెప్పిస్తామన్నారు. పన్నెండు రోజులు పట్టింది. మే 11న కాగితం వచ్చింది. దాని మీద వాడి పేరు లేదు, నామకరణం కాకముందు తీసిన నమూనా కదా. ‘బేబీ బాయ్’ అని, పక్కన మా ఇంటిపేరు, కింద తల్లి పేరు చోట నా పేరు, బరువు ఆరు పౌండ్ల తొమ్మిది ఔన్సులు. వాడు దాన్ని రెండుసార్లు చదివి, స్కాన్ చేసి కాలేజీకి పంపించాడు. అరగంటలో జవాబు వచ్చింది, అందింది, ఇంకేమీ బాకీ లేదని.